మా పెద్దబండి లెక్క

ఈ సంవత్సరపు సంచికకు విజ్ఞానశాస్త్ర విషయమున నొక వ్యాసము వ్రాయవలసినదని సంపాదకవర్గమువారు మమ్ము కోరిరి. ఉపాధ్యాయ శిక్షణ కళాశాల విడిచినది మొదలు ఇరువది సంవత్సరములుగా భౌతికశాస్త్రమును బోధించుచున్న మాకు విషయములకు కొదువ లేదు. అయినను పాఠ్యగ్రంథమున నున్న దానినే తిరిగి వ్రాయుటకంటె, మేము స్వయముగా సొమ్ము చెల్లించి నేర్చుకొనిన పాఠము నొకదానిని చెప్పుట మేలని తోచినది. వాహనముయొక్క పరిమాణమునకును, బరువునకును, అది లీటరు పెట్రోలుతో నడచు దూరమునకును గల సంబంధమే యా పాఠము. దీనిని మేము తరగతిలో ననేక పర్యాయములు చెప్పియుంటిమి. ఇతరులకు చెప్పితిమే గాని మేము వినలేదు.

మేము కాపురముండునది కొత్తగూడ. పూర్వము శేరిలింగంపల్లి ప్రాంతమున బండలును తుప్పలును నడుమ వెలసిన చిన్న పల్లె యది. 1998 వ సంవత్సరము నవంబరు నెలలో సైబర్ టవర్స్ భవనము ప్రారంభింపబడిన పిమ్మట, పరిసరములందలి పల్లెలు ఒక్కటొక్కటిగా నగరములో కలిసిపోయినవి. నేడు మా మిద్దెపై నిలిచి చూచినచో నొక ప్రక్క బొటానికల్ గార్డెన్ చెట్ల పచ్చదనమును, మఱియొక ప్రక్క అద్దాల మేడలును కనబడును. ఈ రెంటికి నడుమ కొత్తగూడ కూడలి. హైటెక్ సిటీ, గచ్చిబౌలి, కొండాపూరు, హఫీజుపేట దిక్కులనుండి వచ్చు బండ్లు ఇచ్చట కలిసికొనును. 2023 జనవరి 1 వ తేదీన ఫ్లైఓవరు తెఱవబడిన తరువాత కూడలిలోని రద్దీ కొంత తగ్గినది. అయినను ఉదయము తొమ్మిది గంటలకు పైనెక్కి సాగినవారు, దిగినచోట తిరిగి ఆగవలసినదే.

2009 వ సంవత్సరమున మేమొక మారుతి 800 కారు కొంటిమి. 1983 డిసెంబరులో మొదట వీధికి వచ్చిన యా చిన్న బండిని మన దేశమున నెఱుగనివా రరుదు. మూడు సిలిండర్ల యింజను, 796 ఘనసెంటీమీటర్ల పరిమాణము, సుమారు 650 కిలోగ్రాముల బరువు. పొగను గూర్చిన క్రొత్త నియమములు వచ్చుటచే 2010 ఏప్రిలు నుండి హైదరాబాదు మొదలగు 13 నగరములలో దాని యమ్మకము నిలిచిపోయెను. 2014 జనవరిలో తయారుచేయుటయే మానిరి. మాది చివరికాలపు బండి యన్నమాట. ఎండకాలమున ఏ.సి. వేసి ఫ్లైఓవరెక్కునప్పుడు ముసలి యెద్దువలె మూల్గెడిది గాని, పదునైదేండ్లు మమ్ము పాఠశాలకును, ఆదివారము ఆరాధనకును, సెలవులలో మా యూరికిని చేర్చెను.

2024 వ సంవత్సరమున దానికి పదునైదేండ్లు నిండినవి. సొంతబండ్లకు పదునైదేండ్ల పిమ్మట రిజిస్ట్రేషను తిరిగి చేయింపవలెను. హరిత పన్నును చెల్లింపవలెను. ఈ సంగతి వినుటతోనే మా బావమరది, “బావా, మీరింకను ఈ అగ్గిపెట్టెలోనే తిరుగుదురా? పిల్లలు పెద్దవారైరి. ఏ లారీయైన తగిలినచో ఏమగునో తలచితిరా? ఇక నొక పెద్దబండి తీసికొనుడు” అనెను. మా గృహిణికి భయము పుట్టినది. మాకు, నిజము చెప్పవలెనన్న, ఆశ పుట్టినది. అప్పు తెచ్చి, పాతబండ్లు విక్రయించు నొకరియొద్ద నాలుగేండ్లు నడచిన యొక పెద్ద పెట్రోలు బండిని కొంటిమి. అందు ఏడుగురు కూర్చుండవచ్చును. మా యింట నున్నది నలుగురము. దాని బరువు 1700 కిలోగ్రాములు.

మొదటి దినమున దానిని వాకిటికి తెచ్చినప్పుడు మా భవనపు కాపలాదారు కుర్చీనుండి లేచి నమస్కరించెను. పదునైదేండ్లు చిన్నబండిలో వచ్చితిమి. ఒక్కనాడును ఆయన లేవలేదు. ఆ నమస్కారము మాకెంత ప్రియమైనదో యిప్పుడు తలచిన సిగ్గగుచున్నది.

పాఠశాల తెఱచిన రెండవ వారమున తొమ్మిదవ తరగతిలో గతిజశక్తి పాఠము చెప్పుచుంటిమి. వెనుక బల్లనుండి యొక బాలుడు లేచి, “సార్, మీ క్రొత్తబండి లీటరుకెంత యిచ్చును?” అని యడిగెను. తరగతి నవ్వినది. మన నగరమున క్రొత్తబండిని చూచిన ప్రతివాడును మొదట నడుగు ప్రశ్న యిదియే గనుక మాకు కోపము రాలేదు. “కంపెనీవారు పదునైదని వ్రాసిరి” అంటిమి. “కంపెనీది కాదు సార్, మీది” అనెను. మాయొద్ద జవాబు లేదు. భౌతికశాస్త్రము చెప్పు వానికి తన బండి సంగతి తెలియకుండుట మంచిది కాదని, ఆ సాయంకాలమే యొక నోటుబుక్కు కొంటిమి.

కొలుచు పద్ధతి సులభమైనది. పిల్లలును తమ యింటి స్కూటరుతో చేసి చూడవచ్చును. పెట్రోలు ట్యాంకును నిండుగా నింపించి, మీటరు పైనున్న కిలోమీటర్ల సంఖ్యను వ్రాసికొనవలెను. కొన్ని దినములు తిరిగిన పిమ్మట అదే బంకులో మరల నిండుగా నింపింపవలెను. రెండవసారి యెన్ని లీటర్లు పట్టెనో, మొదటి నింపుమొదలు అన్ని లీటర్లు ఖర్చైనవన్నమాట. తిరిగిన కిలోమీటర్లను ఆ లీటర్లచే భాగించిన మైలేజీ వచ్చును. ఒక్కసారి కొలిచి నమ్మరాదు; మూడు నాలుగు పర్యాయములు చేసి సగటు తీయవలెను.

మేము నెలకు తిరుగునది సుమారు 720 కిలోమీటర్లు. పాఠశాలకు పోను 11, రాను 11. తక్కినది ఆరాధనకును, అంగడికిని. చిన్నబండి ట్రాఫిక్‌లో లీటరుకు 16 కిలోమీటర్లు ఇచ్చుచుండెడిది. నెలకు 45 లీటర్లు. పెద్దబండి యిచ్చినది 9 కిలోమీటర్లు మాత్రమే. నెలకు 80 లీటర్లు. ఆనాడు హైదరాబాదులో పెట్రోలు ధర లీటరుకు 107 రూపాయలు దాటియుండెను. చిల్లర విడిచి లెక్కించినను, పూర్వము 4,815 రూపాయలగు ఖర్చు 8,560 రూపాయలైనది. నెలకు 3,745 రూపాయలు అధికము. దీనికి అప్పు వాయిదా వేరు.

ఈ సంఖ్యను వ్రాసిన నాడు మాకంత బాధ కలుగలేదు. బాధ తరువాత వచ్చినది. ఇప్పుడు చెప్పబోవు దానిని దొడ్డతనమునకై వ్రాయుటలేదు. లెక్కలో నొక భాగము గనుక వ్రాయుచున్నాము. మా భవనములో నాలుగైదిండ్లు ఊడ్చి తుడుచు నొక యమ్మ గలదు. ఆమె కుమార్తె పాలిటెక్నిక్కులో డిప్లొమా చదువుచుండెను. ఆ బాలిక చదువునకై మేమును మా గృహిణియు రెండేండ్లుగా నెలకు 3,000 రూపాయలు ఇచ్చుచుంటిమి. పెద్దబండి వచ్చిన మూడవ నెలలో ఇంటిలెక్క సరిపోలేదు. “ఈ నెల ఆపి వచ్చే నెల కలిపి యిత్తము” అని మేమే అంటిమి. వచ్చే నెలయు అదే మాట. ఆ యమ్మ యడుగలేదు. మేము జ్ఞాపకము చేసికొనలేదు. పాఠశాలలో రుసుము ఆలస్యమైన పిల్లలను పిలిచి మాటలాడు మేము, మా వలన ఆలస్యమైన రుసుమును మఱచితిమి.

అక్టోబరు నెలలో నొక సాయంకాలము పిల్లలకు బట్టలు కొనుటకై ఆ పెద్దబండిలోనే కొండాపూరు పోయితిమి. దుకాణములో గుట్టగా పడియున్న చొక్కాలను ఒక బాలిక మడతపెట్టుచుండెను. తలయెత్తి మమ్ము చూచి, “నమస్తే సార్” అనెను. ఆమెయే. పరీక్షరుసుము గడువులో కట్టలేకపోవుటచే 500 రూపాయలు ఆలస్యరుసుము పడినదనియు, దానికొఱకు సాయంకాలములందు ఈ పనిలో చేరినదనియు, అడిగి అడిగి తెలిసికొంటిమి. మమ్మేల అడుగలేదని మా గృహిణి ప్రశ్నింపగా, ఆ బాలిక, “అమ్మ వద్దనినది మేడమ్. సార్‌వారికేదో కష్టము వచ్చియుండును, అడిగి నొప్పింపకుము అనినది” అని చెప్పెను. మాకు వచ్చిన కష్టము క్రింద పార్కింగులో, కడిగి తుడిచి, మెఱయుచు నిలిచియుండెను.

ఆ రాత్రి నిద్ర పట్టక నోటుబుక్కు తీసి, తరగతిలో చెప్పు సూత్రములతోనే మా సొంతబండి లెక్క వేసితిమి. ఎందుకింత పెట్రోలు త్రాగుచున్నది? ఇంజనులో లోపమున్నదేమో యని ముందుగా మెకానిక్కునకు చూపియుంటిమి; లోపమేమియు లేదనెను. కావున లోపము బండిలో లేదు, దాని బరువులో నున్నది. మరునాడు ఆ లెక్కనే తొమ్మిదవ తరగతి నల్లబల్లపై వ్రాసితిమి. ఇచ్చటను వ్రాయుచున్నాము.

బండి నడచుటకు మూడు విధములైన సుంకములు చెల్లింపవలెను. మొదటిది, కదలుటకు. కొత్తగూడ కూడలిలో బత్తాయిలమ్మువాని తోపుడుబండిని చూడుడు. నిండుబండిని కదలించుటకు వాడు కాలు తన్ని, వంగి, రెండు చేతులతో నెట్టును. కదలిన పిమ్మట ఒక చేతితోనే తోసికొనిపోవును. బరువెక్కువైన కొలది కదలించు శ్రమయు నెక్కువ. మోటారుబండికిని ఇదే న్యాయము. గంటకు 36 కిలోమీటర్లు, అనగా సెకనుకు 10 మీటర్లు, వేగమందుకొనిన 650 కిలోగ్రాముల బండి గతిజశక్తి 32,500 జౌళ్లు. 1700 కిలోగ్రాముల బండికి 85,000 జౌళ్లు. బ్రేకు నొక్కిన క్షణమున నిదియంతయు వేడియై గాలిలో కలియును. పచ్చదీపము వెలిగినప్పుడు మరల మొదటినుండి కూర్చవలెను.

లీటరు పెట్రోలులో సుమారు 3 కోట్ల 20 లక్షల జౌళ్ల శక్తి గలదు. అయినను నగరపు ట్రాఫిక్‌లో చక్రములకు చేరునది అందులో అయిదవ వంతని యనుకొనవచ్చును. తక్కినది ఇంజను వేడిగాను పొగగొట్టపు వేడిగాను పోవును. అట్లు లెక్కించిన, ఒకమారు ఆగి కదలుటకు చిన్నబండి 5 మిల్లీలీటర్ల పెట్రోలును, పెద్దబండి 13 మిల్లీలీటర్లను త్రాగును. మందు త్రాగు చిన్న చెంచా 5 మిల్లీలీటర్లు పట్టును. ఎఱ్ఱదీపమొద్ద ఆగిన ప్రతిసారి మేము ఒకటిన్నర చెంచాకు మించి నేలపాలు చేసితిమన్నమాట, అధికముగా తీసికొనిపోయిన ఇనుముకొఱకు! ఇంటినుండి పాఠశాలకు పోవులోపల ఎన్నిమార్లు ఆగి కదలుచున్నామో ఒక దినమున లెక్కించితిమి, నలువది. నలువది యెనిమిదులు 320 మిల్లీలీటర్లు. ఇది పోవుటకు మాత్రమే.

రెండవ సుంకము చక్రములకు. రబ్బరుటైరు నేలపై దొరలునప్పుడు క్రింది భాగము నలిగి, పైకి వచ్చి తిరిగి విప్పారును. ఈ నలుగుటలో కొంత శక్తి వేడిగా మారును. దీనికి కావలసిన బలము బండి బరువులో నూటికి ఒకటి, ఒకటిన్నర వంతు. వంతు చిన్నదే గాని ప్రతి మీటరునకును చెల్లింపవలసినది. మా పదునొకండు కిలోమీటర్లకు ఈ లెక్క వేయగా చిన్నబండికంటె పెద్దబండికి మఱి 200 మిల్లీలీటర్లు అధికమైనవి. రెండును కలిపిన అరలీటరునకు మించినది. నోటుబుక్కులో చూడగా మా పెద్దబండి ఒక ప్రయాణమునకు చిన్నదానికంటె అధికముగా త్రాగునదియు అరలీటరునకు కొంచెము మించియే యుండెను! ఈ లెక్క స్థూలమైనది. ఇంత దగ్గరగా వచ్చుటలో అదృష్టము కొంత లేకపోలేదు. అయినను తరగతిలోని పిల్లలు చప్పట్లు కొట్టిరి. మేము కొట్టలేదు.

మూడవ సుంకము గాలికి. ఇది బరువుతో పనిలేక, పరిమాణమును ఆకారమును బట్టి వచ్చును. గాలివానలో మూసిన గొడుగును పట్టుకొని నడచుటకును, తెఱచిన గొడుగును ఎదురుగా పట్టుకొని నడచుటకును భేదము మీరెఱుగుదురు. ఎత్తుగా వెడల్పుగా నుండు బండి తెఱచిన గొడుగు. కొత్తగూడ ట్రాఫిక్‌లో తాబేటినడకన పోవునప్పుడు గాలి యంతగా బాధింపదు. గచ్చిబౌలియొద్ద ఔటర్ రింగు రోడ్డెక్కి వేగము హెచ్చించినచో గాలి తన పద్దు తెఱచును. వేగము రెట్టింపైన గాలి యడ్డు నాలుగురెట్లగును. గంటకు 80 కిలోమీటర్లనుండి 110 కి పోయినవాడు త్వరగా చేరితినని సంతసించును గాని, గాలికి కట్టు సుంకము కిలోమీటరుకు దాదాపు రెట్టింపైన సంగతి ఎఱుగడు. బండి కప్పుపైన సామానులు కట్టినవారికిని ఇదే దండుగ.

కావున నగరములో బరువును, దూరపు రహదారిలో పరిమాణమును మన జేబును కాజేయునని గుర్తుంచుకొనవలెను. ఫ్లైఓవరెక్కుటయు బరువు పనియే. 1700 కిలోగ్రాములను 10 మీటర్ల యెత్తునకు లేపుటకు 1,66,600 జౌళ్లు కావలెను. అనగా రెండు ఎఱ్ఱదీపములయొద్ద ఆగి కదలినంత. అయినను ఫ్లైఓవరు అంతకంటె నెక్కువ ఆగుటలను తప్పించినచో లాభమే. బరువును పదింట నొకవంతు తగ్గించిన మైలేజీ నూటికి 6 మొదలు 8 వంతులు పెరుగునని అమెరికా ఇంధనశాఖవారు చెప్పుదురు.

ఇంతమాత్రమున బరువొక్కటియే సర్వమని యెంచరాదు. 1908 లో అమెరికాలో వెలువడిన ఫోర్డు మోడల్ టి కారు మన మారుతికంటెను తేలిక. సుమారు 550 కిలోగ్రాములు. అయినను లీటరునకు 5 మొదలు 9 కిలోమీటర్ల వఱకే నడచెడిది. దానికంటె కొంత బరువైన బండి డెబ్బదియైదేండ్ల పిమ్మట రెట్టింపు దూరము నడచినదన్న, అది ఇంజను నేర్పు. 1973 లో అరబ్బు దేశములు చమురును బిగబట్టగా ధరలు మండినవి. అమెరికావారు 1975 లో శాసనముచేసి, కంపెనీలు అమ్ము కార్ల సగటు మైలేజీకి హద్దు విధించిరి. అప్పుడు కార్లు బరువు దించుకొన్నవి, ఇంజనులును బాగుపడినవి. మన దేశమునను 2017 వ సంవత్సరమునుండి ఇట్టి నియమము గలదు. కంపెనీ అమ్ము కార్ల సగటున కిలోమీటరుకు వెలువడు బొగ్గుపులుసు వాయువు మొదట 130 గ్రాములు, 2022 నుండి 113 గ్రాములు మించరాదని నియమించిరి. అయితే అందొక సడలింపు గలదు. కంపెనీ కార్ల సగటు బరువెక్కువైన హద్దును కొంత పెరుగును. ఇంజను నేర్పుచే మిగిలిన పెట్రోలును బరువు తిరిగి త్రాగుచున్నది. 2023-24 లో మన దేశమున అమ్ముడైన కార్లలో సగమునకు మించి పెద్దబండ్ల జాతివే. అందొకటి మాది కాకపోయినను, పాతదానిని కొని ఆ వరుసలో మేమును నిలిచితిమి.

బొగ్గుపులుసు వాయువనగా జ్ఞాపకము వచ్చినది. లీటరు పెట్రోలు తూగునది ముక్కాలు కిలోగ్రాము. దానిని కాల్చగా వచ్చు బొగ్గుపులుసు వాయువు 2.3 కిలోగ్రాములు. ఇదెట్లు సాధ్యమని పిల్లలాశ్చర్యపడుదురు. పెట్రోలులోని కర్బనము గాలిలోని ప్రాణవాయువును కలుపుకొనుటచే తూనిక పెరుగును. మా పెద్దబండి నెలకు అధికముగా త్రాగిన 35 లీటర్లవలన 80 కిలోగ్రాముల వాయువు కొత్తగూడ గాలిలో కలిసినది. అది మా శరీరపు బరువుకంటె నెక్కువ.

మా బావమరది మాటలో సత్యము లేదని మేమనము. రెండు బండ్లు ఢీకొనినచో బరువైనదానిలోని వారికి దెబ్బ తక్కువ తగులుట కలదు. కాని ఆ తక్కువైన దెబ్బ ఎదుటివానికి హెచ్చుగా తగులును. ఆ యెదుటివాడు మన వీధులలో తఱచుగా స్కూటరుపై పోవువాడు. మఱియు క్షేమము బరువువలననే కలుగదు. బండి చట్రపు గట్టిదనము, బెల్టు, ఎయిర్‌బ్యాగు వీనివలన కలుగును. 2023 నుండి మన దేశమున భారత్ ఎన్‌క్యాప్ అను పరీక్షలో కార్లను గోడకు కొట్టించి నక్షత్రములిచ్చుచున్నారు. చిన్నబండి కొనువారు తూకమునుగాక ఆ నక్షత్రములను చూచుట యుక్తము. బ్యాటరీ బండ్లును హైబ్రిడ్ బండ్లును బ్రేకు వేసినప్పుడు పోవు శక్తిలో కొంత తిరిగి నింపుకొనును గనుక, ఆగి కదలు సుంకము వానికి కొంత తగ్గును. చక్రముల సుంకము మాత్రము వానికిని తప్పదు.

నల్లబల్లపై ఈ లెక్క ముగిసినప్పుడు, ఆ వెనుకబల్ల బాలుడే మరల లేచి, “సార్, బస్సు మీ బండికంటె బరువు గదా? అది లీటరుకు నాలుగైదు కిలోమీటర్లే యిచ్చునని మా నాన్న చెప్పెను. మఱి బస్సు మంచిదని యేల చెప్పుదురు?” అనెను. వాని తండ్రి బస్సు నడుపువాడు. ఇంత మంచి ప్రశ్న మాకు చాలకాలమునకు వచ్చినది. జవాబును వానిచేతనే వ్రాయించితిమి. పది టన్నుల బస్సు లీటరుకు 4 కిలోమీటర్లు నడచి, 50 మందిని చేర్చినచో, ఒక్క లీటరు 200 మంది-కిలోమీటర్ల పని చేసినది. మేమొక్కరమే కూర్చుండిన పెద్దబండి లీటరుకు 9. తలకు వచ్చు బరువు చూచినను, బస్సులో మనిషికి 200 కిలోగ్రాముల ఇనుము. మాకు 1700 కిలోగ్రాములు. మోటారుసైకిలుపై పోవువానికి నూటిపైచిలుకు మాత్రమే. బండి యెంత బరువని కాదు, ఎందఱికొఱకు అంత బరువని యడుగవలెను. ఏడుగురు నిండుగా కూర్చుండి మా యూరికి పోయినచో పెద్దబండియు తప్పుచేసినది కాదు. ఒక్కరము పోవుటకు ఏడుగురి బండిని కదలించుటయే మా తప్పు.

ఆ సంవత్సరము క్రిస్మసునకు ముందే పెద్దబండిని అమ్మివేసితిమి. కొన్న ధర రాలేదు. ఆ నష్టమును ట్యూషను రుసుముగా భావించితిమి. దాని స్థానమున 800 కిలోగ్రాములకు మించని యొక పాత చిన్నకారును కొంటిమి. ట్రాఫిక్‌లో 17 కిలోమీటర్లు ఇచ్చుచున్నది. వారమున మూడు దినములు పాఠశాలకు బస్సులో పోవుచున్నాము. మా గృహిణి మహాలక్ష్మి పథకముచే టిక్కెట్టు సొమ్ము లేకయే ప్రయాణించి, ఆ సంగతి మాకు ప్రతి దినము జ్ఞాపకము చేయుచున్నది. టైర్లలో గాలి నెలకు రెండుమార్లు చూపించుచున్నాము. డిక్కీలో ఏడాదిగా మోసిన పాత పుస్తకముల మూటలను దించి గ్రంథాలయమునకు చేర్చితిమి. దూరమున ఎఱ్ఱదీపము కనబడగనే యాక్సిలరేటరునుండి కాలు తీసి, బండిని తానుగా మెల్లగా పోనిచ్చుచున్నాము. బ్రేకులో కాలు వేయుటకంటె నిదియే మేలు. కాపలాదారు తిరిగి కూర్చుండియే మమ్ము చూచుచున్నాడు. మాకు దానివలన నష్టమేమియు కలుగలేదు.

బాలిక రుసుము బకాయి మొత్తము ఆ డిసెంబరుననే చెల్లించితిమి. 2025 లో ఆమె డిప్లొమా పూర్తిచేసినది. దుకాణపు పని మానుమని చెప్పితిమి గాని మానలేదు. తన సంపాదన చేతిలో నుండుట తనకు నచ్చినదని చెప్పెను. అది ఆమె యిష్టము. అయితే ఆలస్యరుసుము 500 రూపాయలను కూడ మేమియ్యబోగా, ఆ తల్లి కవరులోనుండి ఆ నోటు తీసి బల్లపై పెట్టి, “ఇది మేము కట్టుకొంటిమి సార్, అయిపోయినది” అనెను. ఎంత చెప్పినను పుచ్చుకొనలేదు.

విద్యార్థులారా, తలిదండ్రులారా, మైలేజీ లెక్కలో మేము నేర్చినది ఇంతే. బండిలో మోయు ప్రతి కిలోగ్రామునకును ఎవరో ఒకరు చెల్లింతురు. చెల్లించువారు బండిలో కూర్చుండినవారే కానక్కరలేదు. మా నోటుబుక్కున కిలోమీటర్లు, లీటర్లు, రూపాయలు వరుసగా వ్రాసియున్నవి. చివరిపుటలో ఆ 500 రూపాయల నోటును గుండుసూదితో గ్రుచ్చితిమి. అది ఏ పద్దున వ్రాయవలెనో మాకింకను తెలియలేదు. క్రొత్తబండి కొనవలెనని మాయొద్దకు సలహాకు వచ్చువారికి ముందుగా ఆ పుటనే తీసి చూపుచున్నాము.